గెడ్డ అవతలి ఈగలు

రాయగెడ్డ జిల్లాను రెండు ముక్కలు చేసినప్పుడు అన్నీ పంచారు. జీపులు పంచారు, బీరువాలు పంచారు, ఉద్యోగుల్ని పంచారు, కోర్టుల్లో నలుగుతున్న దావాల్ని కూడా పంచారు. ఫ్యాన్లు పంచేటప్పుడు రెక్కలు ఒకరికీ మోటార్లు ఇంకొకరికీ వెళ్ళాయని పుకారు పుట్టింది కానీ అది నిజం కాదు. తిరగని ఫ్యాన్లన్నీ కొత్త జిల్లాకు వెళ్ళాయి, అంతే.

ఆరోగ్యశాఖ పంపకాల పత్రంలో అట్టడుగున 'వ్యాధికారక కీటకాలు' అనే అంశం ఒకటి ఉంది. దోమల దగ్గర పేచీ రాలేదు, ఎవరి దోమలు వాళ్ళకి. ఇసుక ఈగల దగ్గరకు వచ్చేసరికి పంపకాల కమిటీ ఆగింది. ఇసుక ఈగ అంటే ఏమిటో కమిటీలో ఎవరికీ తెలియదు. తెలియదని చెప్పడం సభా మర్యాద కాదు. ఈగల మీద పరీక్షలు చేసే ప్రయోగశాల పాత జిల్లా కేంద్రంలో ఉంది కాబట్టి ఈగలు కూడా పాత జిల్లాకే చెందడం న్యాయమని తీర్మానించి, అందరూ భోజనానికి లేచారు.

ఆ విధంగా గెడ్డవలస జిల్లా పుట్టుకతోనే ఇసుక ఈగలు లేని జిల్లా అయింది. రాజధాని నుంచి వచ్చిన పటంలో పెద్దగెడ్డ అనే వాగుకు తూర్పున ఉన్న పాత జిల్లా అంతా ఎరుపు, పడమరన ఉన్న కొత్త జిల్లా అంతా పచ్చ. మధ్యలో గెడ్డ సన్నటి నీలం గీతలా వంకర్లు తిరుగుతూ పోతుంది. వేసవిలో ఆ గెడ్డలో మోకాలి లోతు నీళ్ళుంటే గొప్ప.

ఆ పచ్చ జిల్లాకు సహాయ కీటక శాస్త్రవేత్తగా వచ్చిన మనిషి పేరు కింతలి హైమవతి. చుట్టాలెవరైనా ఉద్యోగం ఏమిటని అడిగితే ఆమె ఓపిగ్గా చెప్పేది. వాళ్ళు కూడా ఓపిగ్గా విని, చివరికి "అంటే ఈగలు తోలుకునే ఉద్యోగమన్నమాట" అనేవారు. గెడ్డవలస వచ్చాక ఆ మాట కూడా చెల్లకుండా పోయింది. తోలుకోవడానికైనా ఆమె వాటాకు ఈగలు లేవు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి 'ఈ వారం ఈగలు లేవు' అని నివేదిక రాయడం, సంతకం చెయ్యడం, సాయంత్రం ఇంటికి రావడం. ముందు వారం నివేదికనే తేదీ మార్చి పంపితే సరిపోతుందని గుమస్తా సలహా ఇచ్చాడు. హైమవతి కొన్నాళ్ళు ఆ పని కూడా చేసింది.

అలాంటి రోజుల్లో బంటువలస నుంచి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. పాలమ్ముకునే సూరీడమ్మకు జ్వరం ఎన్ని మందులు వేసినా తగ్గడం లేదని, మనిషి నల్లబడిపోయిందని, ఒకసారి వచ్చి చూడమని. హైమవతి డాక్టరు కాదు. అయినా 'నల్లబడిపోయింది' అన్న మాట ఆమెకు నచ్చలేదు. మర్నాడు ఎండెక్కకముందే టార్చిలైటు, ఈగల్ని పీల్చి పట్టే గాజు గొట్టం సంచిలో వేసుకుని బయల్దేరింది.

బంటువలసను గెడ్డ నిలువునా చీలుస్తుంది. సగం ఊరు ఈ జిల్లాలో, సగం ఆ జిల్లాలో. మధ్యలో ఒక చిన్న కల్వర్టు. గేదెల సూరీడమ్మ ఇల్లు పడమటి గట్టు మీద, ఆమె చెల్లెలు పైడమ్మ ఇల్లు తూర్పు గట్టు మీద. ఈ ఇంట్లో తాలింపు వేస్తే ఆ ఇంట్లో తుమ్ముతారు.

సూరీడమ్మ పశువులశాల పక్కన నులకమంచం మీద పడుకుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయేమో. ఒకప్పుడు గట్టి మనిషే అయ్యుండాలి, ఇప్పుడు చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. గొంతు మాత్రం జారలేదు.

"ఏటమ్మా, నన్నొగ్గీసి గోడలకేసి సూస్తన్నావు? జొరం నాకు, గోడకి కాదు."

"నిన్ను కుట్టినవి గోడలో ఉన్నాయేమోనని చూస్తున్నానప్పా" అంది హైమవతి.

మట్టిగోడ బీటలు తీసి ఉంది. హైమవతి ఒక బీటలోకి లైటు వేసి, కాసేపు కదలకుండా నిలబడింది. నువ్వుగింజలో సగం ఉన్న ఒక పురుగు బయటికి గెంతింది. ఒళ్ళంతా నూగు, రెక్కలు రెండూ పైకెత్తి పెట్టుకుని, దణ్ణం పెడుతున్నట్టు. ఇసుక ఈగ. దోమలాగా పాట పాడదు, వచ్చిన సంగతి చెప్పదు, కుట్టి వెళ్ళిపోతుంది. గొట్టంలోకి మూడింటిని పీల్చింది హైమవతి. మూడూ ఆడవే. మూడింటి పొట్టలూ రక్తంతో ఎర్రగా ఉన్నాయి.

పుస్తకాల్లో కాకుండా తన జిల్లాలో వాటిని చూడటం అదే మొదటిసారి. ఒక్క క్షణం ఆమెకు సంతోషం వేసింది. వెంటనే మంచం వైపు చూసి సిగ్గుపడింది.

"కడుపు కూడా బరువుగా ఉందా అప్పా?"

"బల్ల పెరిగీసిందమ్మా" అంది సూరీడమ్మ, ఎడమ డొక్కలో వాచిన ప్లీహం మీద చెయ్యి పెట్టుకుని. "మలేరియా అన్నారు, టైపాయిడన్నారు. ఎవులికి తోసింది ఆలు సెప్పినారు. జొరం మాత్రం ఎవులి మాటా ఇనట్లేదు."

రక్తం పరీక్షకు పంపారు. వచ్చిన ఫలితం హైమవతి అనుకున్నదే. నల్లజ్వరం. మందు ఉంది, పడితే తగ్గిపోతుంది, పడకపోతే మనిషి దక్కదు. కానీ ఆ మందు ఎర్ర రంగు జిల్లాల ఆసుపత్రులకే ఇస్తారు. పచ్చ జిల్లాలకు ఇవ్వరు. లేని ఈగ కుట్టదు, కుట్టని ఈగ వల్ల జ్వరం రాదు, రాని జ్వరానికి మందు ఎందుకు?

హైమవతి మూడు ఈగల్నీ సీసాలో పెట్టి తన పైఅధికారి డాక్టర్ చామర్తి గరుడాద్రి బల్ల మీద ఉంచింది. గరుడాద్రి సీసాను చేత్తో ముట్టుకోలేదు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు, తర్వాత గోడ మీది పటం వైపు చూశారు.

"హైమవతి గారూ, మీరు శాస్త్రం చదువుకున్నవారు. ఒక్క విషయం సెలవివ్వండి. పటం ముందా, ఈగ ముందా?"

"ఈగే ముందు సార్. ఈగల్ని చూసుకుని పటం గీస్తారు."

"అది గీసేటప్పుడు. ఒకసారి గీసి, ఆమోదముద్ర పడ్డాక, పటాన్ని చూసుకుని ఈగ మసలుకోవాలి."

"సార్, ఇవి బంటువలసలో మన గట్టు మీదే ఉన్నాయి. నేనే పట్టాను."

"కాదనడం లేదు. సదరు కీటకం యొక్క భౌతిక సంచారం మీ దృష్టికి వచ్చి ఉండవచ్చు. కానీ దానికి ఈ జిల్లాలో పాలనాపరమైన ఉనికి లేదు." గరుడాద్రి గొంతు తగ్గించారు. "పై నెలలో కలెక్టర్ గారికి 'ఈగ రహిత జిల్లా' పురస్కారం. శాలువా కూడా ఆర్డరిచ్చారు. ఈ సమయంలో మీరు మూడు ఈగలు పట్టుకొచ్చి నా బల్ల మీద పెడితే నా పరిస్థితి ఏమిటి?"

"ఒక మనిషి పోయేలా ఉంది సార్."

గరుడాద్రి చెడ్డవారు కాదు. ఆయన ముఖం నిజంగానే వాడింది. "పాపం" అన్నారు. "మలేరియా కింద ఏమైనా పెట్టగలమేమో చూడండి. మలేరియా అయితే మనకు కేటాయింపు ఉంది."

హైమవతి సీసా తీసుకుని నేరుగా కలెక్టర్ దగ్గరకు వెళ్ళింది. పైఅధికారిని దాటి వెళ్ళడం తన ఉద్యోగంలో అదే మొదలు.

కలెక్టర్ కుర్రవాడు, చురుకైనవాడు. గదిలో గోడంత తెర, తెర మీద జిల్లా అంతా పచ్చగా మెరుస్తోంది. ఆయన సీసాను ఆసక్తిగా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి అవతలి జిల్లా ఈగలు కదా?"

"ఈగలకు జిల్లా ఉండదండి."

"పంపకాల్లో వాళ్ళకే వెళ్ళాయి కదా. కాబట్టి వాళ్ళవే. ఇక్కడికి వచ్చి మకాం వేశాయంటే అది వాళ్ళ పర్యవేక్షణా లోపం." కలెక్టర్ చిటికె వేశాడు. "వెనక్కి పిలిపించుకోమని రాద్దాం."

ఎవరూ నవ్వలేదు. గరుడాద్రిని పిలిపించి అక్కడికక్కడే లేఖ తయారు చేయించారు. "తమ జిల్లాకు కేటాయింపబడిన ఇసుక ఈగలు కొన్ని, తగు ఉత్తర్వులు లేకుండా పెద్దగెడ్డ దాటి మా జిల్లాలో నివాసము ఏర్పరచుకొని యున్నవి. సదరు ఈగలను తక్షణమే తమ అధీనములోనికి తీసుకొనగలరని కోరడమైనది."

అవతలి జిల్లా కీటక నియంత్రణాధికారి డాక్టర్ లోకనాథం అంత తేలికగా దొరికే మనిషి కాదు. ఆయనకో ప్రయోగశాల, దానికో జీపు, జీపుకో డ్రైవరు ఉన్నారు. అన్నీ ఆ ఈగల పేరు మీదే నడుస్తున్నాయి. ఈగల్ని తనవి కావంటే జీపు పోతుంది. తనవేనని ఊరుకుంటే తప్పు తన మీదికి వస్తుంది. ఆలోచించి ఇలా జవాబిచ్చారు: "మా ఈగలు స్వభావరీత్యా క్రమశిక్షణ గలవి. ఎక్కువ దూరము ఎగురజాలవు. అవి తమంత తాముగా గెడ్డ దాటినవన్న ఆరోపణను ఖండించుచున్నాము. ఇది ఇట్లుండగా, మా జిల్లా ఆస్తియైన మూడు ఈగలను మా అనుమతి లేకుండా తమ సిబ్బంది నిర్బంధించినట్లు తెలియవచ్చినది. వాటిని భద్రముగా తిరిగి అప్పగించవలెను."

"చూశారా!" అన్నారు గరుడాద్రి ఉత్సాహంగా. "ఆస్తి అని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు."

తమంత తాము దాటకపోతే ఎవరు దాటించినట్టు? ఇది తేల్చడానికి ఉమ్మడి తనిఖీ పెట్టారు. కల్వర్టు మీద ఆ చివర లోకనాథం, ఈ చివర గరుడాద్రి కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. ఎండ మండిపోతోంది. రెండు గట్ల మీదా ఈగలు ఎప్పటినుంచో ఉన్నాయని, మట్టిగోడలు, పేడ, తేమ ఎక్కడుంటే అక్కడ ఉంటాయని హైమవతి ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇద్దరూ శ్రద్ధగా తలలూపారు. ఆమె చెప్పడం ముగిసేసరికి సూరీడమ్మ భర్త అప్పన్న తూర్పు గట్టున మేపిన రెండు గేదెల్ని తోలుకుని కల్వర్టు మీదికి వచ్చాడు.

అధికారులిద్దరూ గేదెల వైపు చూశారు. గేదెలు అధికారుల వైపు చూశాయి.

"రోజూ ఇలాగే వస్తాయా?" అన్నారు గరుడాద్రి.

"గేదెలన్నాక మరెలగొస్తాయి బావూ" అన్నాడు అప్పన్న.

ఆ తనిఖీలో రెండు జిల్లాల మధ్య సామరస్యం కుదిరింది. ఈగలు రాయగెడ్డ జిల్లావే, వాటిని గెడ్డ దాటించి తెస్తున్నది మాత్రం గేదెలు అని సంయుక్త నివేదిక మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఈగల తప్పు లేదు, అధికారుల తప్పు అసలే లేదు. వారం తిరక్కుండా కల్వర్టు దగ్గర తాటాకుల పందిరి వేసి 'సరిహద్దు కీటక తనిఖీ కేంద్రం' అని బోర్డు పెట్టారు. సాయంత్రం వచ్చే ప్రతి గేదెకూ వేపాకు పొగ వేసి, చెవులు తిరగేసి చూసి, కొమ్ముకు పచ్చ రిబ్బను కడితేనే లోపలికి రానిచ్చేవారు. పొగకు గేదెలు బెదిరి పాలు చేపడం మానేశాయి. శాలలో ఉన్న ఈగలు శాలలోనే ఉన్నాయి. పొగ సోకని చోటు వాటికి ఆ గోడ బీటలే.

"నా గేదెలకి పాసుపోర్టు పెట్టినారటమ్మా?" అంది సూరీడమ్మ మంచం మీది నుంచి. నవ్వబోయి దగ్గింది. ఈసారి ఆ గొంతు కూడా సన్నబడింది. అది విని హైమవతికి భయం వేసింది.

ఇక లాభం లేదనుకుని అప్పన్నా, ఇంకో ముగ్గురూ నులకమంచాన్ని అలాగే ఎత్తుకుని కల్వర్టు దాటించి పైడమ్మ వసారాలో దించారు. ఎరుపు రంగు నేల కదా, మందు దొరుకుతుందని. అక్కణ్ణుంచి ఆటోలో అవతలి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. హైమవతి సెలవు పెట్టి వెంట వెళ్ళింది.

ఆసుపత్రి కౌంటర్లో మనిషి ఆధార్ కార్డు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈమె పచ్చ జిల్లా మనిషి. మా మందు మా వాళ్ళకే."

"ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోందండి" అంది హైమవతి.

"ఇప్పుడెక్కడుందని కాదు. ఈగ కుట్టినప్పుడు ఎక్కడుంది? అమ్మా, ఎక్కడ కుట్టింది?"

"కాలి మీద బావూ" అంది సూరీడమ్మ.

"అది కాదు. ఏ జిల్లాలో కుట్టింది?"

"అదడిగినాను బావూ. ఈగ సెప్పనేదు."

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. కౌంటర్లో మనిషికి కోపం వచ్చింది. కుట్టిన చోటుకు ధ్రువపత్రం తెమ్మన్నాడు. అలాంటి పత్రం ఎవరిస్తారని హైమవతి అడిగితే, దానికి ఇంకా నమూనా రాలేదని చెప్పి కిటికీ మూశాడు.

సూరీడమ్మను బెంచీ మీద పడుకోబెట్టి, తల కింద పైడమ్మ తన సంచి పెట్టింది. పైడమ్మ ఏడవడం లేదు. ఏడిస్తే అక్క తిడుతుందని భయం. హైమవతి తన సంచి తెరిచింది. ఆమె సంచిలో ఆఫీసు కాగితాలు రెండున్నాయి. లోకనాథం రాసిన లేఖ, కల్వర్టు నివేదిక. వాటిని ఇన్నాళ్ళూ చూసి చూసి ఆమెకు ఒళ్ళు మండుతోంది. ఇప్పుడు బయటికి తీసి మళ్ళీ చదివితే, మొదటిసారి వాటిలో ఉపయోగం కనిపించింది.

లోకనాథం గది ఆ ఆవరణలోనే ఉంది. హైమవతి తలుపు తట్టి లోపలికెళ్ళింది.

"సార్, ఈగలు మీ జిల్లా ఆస్తి అని తమరే రాశారు."

"ముమ్మాటికీ" అన్నారు లోకనాథం.

"మీ ఈగలే గేదెల మీద మా గట్టుకు వస్తున్నాయని తమరే సంతకం చేశారు."

"చేశాను. ఆ విషయంలో రాజీ లేదు."

"మీ ఈగ మా మనిషిని కుట్టింది సార్. మీ ఎద్దు మా చేనులో పడితే నష్టం మీరే కట్టుకుంటారు కదా. మీ ఈగ చేసిన పనికి వైద్యం మీరే చేయించాలి. కాదంటారా, అయితే ఈగ మీది కాదని ఇక్కడ రాసివ్వండి. నేను పైకి పంపుకుంటాను."

లోకనాథం కుర్చీలో వెనక్కి వాలారు. కిటికీలోంచి జీపు కనబడుతోంది. డ్రైవరు దాని అద్దం తుడుస్తున్నాడు. జీపు వైపు చూశారు, హైమవతి వైపు చూశారు. చివరికి కలం తీసి, 'మా ఈగ బాధితురాలిగా పరిగణించి చికిత్స చేయవలెను' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టారు.

"ఇకముందు కూడా ఎవరైనా వస్తే?" అంది హైమవతి, వదలకుండా.

"మా ఈగ కుట్టినంతకాలం మా బాధ్యతే. మేం మాట తప్పేవాళ్ళం కాదు" అన్నారాయన గంభీరంగా.

మందు ఎక్కించారు. కొన్నాళ్ళకు జ్వరం దిగింది, బల్ల కరగడం మొదలైంది. సూరీడమ్మ మొదట గంజి అడిగింది, తర్వాత చేపల పులుసు అడిగింది. పులుసులో ఉప్పు తక్కువైందని చెల్లెల్ని తిట్టిన రోజున పైడమ్మ బయటికొచ్చి గోడ పక్కన నిలబడి తనివితీరా ఏడ్చింది.

ఇక్కడితో అయిపోవలసిన మాటే. కానీ సూరీడమ్మ ఇల్లు చేరిన నెలలోనే రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇసుక ఈగలున్న జిల్లాలను ప్రత్యేక ప్రాధాన్య జిల్లాలుగా గుర్తిస్తారు. వాటికి కొత్త భవనం, వాహనాలు, పోస్టులు, విదేశీ శిక్షణ. లేని జిల్లాలకు అభినందన పత్రం.

గెడ్డవలస కలెక్టరేట్‌లో తెర మీది పచ్చరంగు సాయంత్రానికల్లా వెలవెలబోయింది.

"మనకు ఈగలున్నాయని మీరు ఏనాడో చెప్పారు కదా" అన్నాడు కలెక్టర్, హైమవతిని పిలిపించి. "ఎందుకు గట్టిగా చెప్పలేదు?"

గరుడాద్రి కూడా మారిపోయారు. ఇసుక ఈగ ఈ ప్రాంతపు భూమిపుత్రిక అనీ, పంపకాల్లో మనకు చారిత్రక అన్యాయం జరిగిందనీ పత్రికల వాళ్ళను పిలిచి చెప్పారు. కొత్త పటం తయారైంది. జిల్లా అంతా ఎరుపు. కొండల మీది మండలం ఎరుపు, చెరువు నీళ్ళ కింద ఉన్న మండలంలో సగం కూడా ఎరుపు. ఆ మండలాల్లో వెతికి ఈగలు లేవని హైమవతి నివేదిక ఇస్తే, ఆమెకు సరైన దృక్పథం లేదని మెమో వచ్చింది. కల్వర్టు దగ్గర పొగ ఆపేశారు. ఇప్పుడు గేదెల్ని వచ్చేటప్పుడు కాదు, పోయేటప్పుడు ఆపుతున్నారు, మన ఈగల్ని అవతలికి మోసుకుపోతాయేమోనని.

నిర్ధారణ బృందం ఒకటి స్వయంగా వచ్చి సజీవమైన ఈగల్ని కళ్ళారా చూడాలి. సీసాలో చచ్చినవి పనికిరావు. జిల్లా మొత్తం మీద ఈగలు దొరుకుతాయని నమ్మకంగా చెప్పగల చోటు ఒకటే ఉంది. సూరీడమ్మ పశువులశాల.

గరుడాద్రి అక్కడికి స్వయంగా వెళ్ళి ఆ గోడను చూసి మురిసిపోయారు. 'జిల్లా కీటక సంపద. బీటలు పూడ్చరాదు' అని బోర్డు పెట్టించారు. హోంగార్డును కాపలా ఉంచారు. ఎండకు బీటల్లో తేమ ఆరిపోకుండా రోజూ గోడ అడుగున నీళ్ళు చల్లమని ఆదేశించారు. ఆ ఆదేశం మీద హైమవతి చేత కూడా సంతకం పెట్టించారు.

బృందం వస్తానన్న రోజున రాలేదు. మళ్ళీ ఒక రోజు ఇచ్చారు, అదీ వాయిదా పడింది. ఈలోపు సూరీడమ్మ పొరుగింటి కోడలు రమణికి జ్వరం పట్టుకుంది. చంటిపిల్ల తల్లి. ఆమెను కూడా కల్వర్టు దాటించి పంపింది హైమవతి. లోకనాథం మాట మీదే ఉన్నారు, మందు ఇచ్చారు. కానీ రమణిని ఆటో ఎక్కిస్తున్నప్పుడు చంటిపిల్ల వీపు మీద ఎర్రటి దద్దులు కనిపించాయి. అవి ఏం కుడితే వస్తాయో హైమవతికి తెలుసు.

సూరీడమ్మ శాల ముందు నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"సూడమ్మా. ఈ గోడ కాసింత మెత్తి సున్నం కొడితే ఇయ్యి పోతాయని నువ్వే సెప్పినావా నేదా?"

"చెప్పాను."

"మరి నాను మట్టి కలిపితే ఈ గార్డుబాబు కర్రడ్డు పెడతన్నాడు. గోడ నాది, గేదెలు నాయి, జొరం నాది. ఈగలు మాత్రం గవుర్మెంటుయ్యట. ఇదెక్కడి నాయం?"

హైమవతి గోడ మీది బోర్డు వైపు చూసింది. బృందం వచ్చి ఈగల్ని చూస్తే జిల్లాకు మందు వస్తుంది, ఆసుపత్రి వస్తుంది. అది నిజమే. తనకు ప్రమోషన్ కూడా వస్తుందని గరుడాద్రి ఆశ పెట్టారు. అదీ నిజమే కావచ్చు. కానీ ఆ వచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఈగలు వాయిదా వెయ్యవు. ఇన్నాళ్ళూ ఈగలు లేవని సంతకం పెట్టిన చెయ్యి, ఇప్పుడు వాటిని పెంచమని సంతకం పెడుతోంది. రెంటి మధ్యా గోడ మాత్రం ఒకటే.

"నీకు టిఫిన్ అయిందా?" అని అడిగింది హోంగార్డును.

"నేదు మేడమ్."

"వెళ్ళి తినేసి రా. నేనుంటాను. ఎవరైనా అడిగితే మేడమ్ పంపిందని చెప్పు."

అతను వీధి మలుపు తిరిగేలోగా సూరీడమ్మ మట్టి తట్ట ఎత్తింది. హైమవతి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. అప్పన్న నీళ్ళు మోశాడు. పొరుగు ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారు, ఆ తర్వాత నలుగురు. పేడ దూరంగా ఎత్తిపోశారు, బీటలన్నీ మెత్తి నున్నగా చేశారు. గార్డు టిఫిన్ చేసి వచ్చి, చూసి, గతుక్కుమన్నాడు. కాసేపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కర్ర గోడకు ఆనించబోతే, తడి ఆరలేదని సూరీడమ్మ కసిరింది. మట్టి ఆరాక రెండు పూతలు సున్నం వేశారు. శాల పెళ్ళివారి విడిదిలా తయారైంది. పక్కింటి వాళ్ళూ, ఆ పక్కింటి వాళ్ళూ తమ గోడల పని మొదలుపెట్టారు.

బృందం, అన్ని వాయిదాలూ అయ్యాక, ఆ మరుసటి వారమే వచ్చింది. గరుడాద్రి దారి పొడుగునా ఆ గోడను వర్ణిస్తూ తీసుకొచ్చి, శాల ముందు ఆగి, నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. బృందం నాయకుడు టార్చిలైటు వేసి అణువణువూ వెతికాడు. గోడ మీద ఒక బల్లి కనిపించింది. దాన్ని నమోదు చేసుకునే వీలు లేదు.

"ఇక్కడ ఈగలుండేవన్నారు?"

"ఉండేవండి" అంది హైమవతి. "మనుషులకు జబ్బులొస్తున్నాయని గోడలు మెత్తించాను."

"మీరా?"

"నేనే."

నాయకుడు ఆమె వైపు వింతగా చూసి, 'కీటకం కనబడలేదు' అని రాసుకుని కారెక్కాడు. కొత్త భవనం, వాహనాలు, విదేశీ శిక్షణ లోకనాథం గారి జిల్లాకు వెళ్ళిపోయాయి. గెడ్డవలసకు అభినందన పత్రం వచ్చింది. ఆ పత్రాన్ని ఎవరూ గోడకు తగిలించలేదు.

హైమవతికి మెమో రావడం ఆలస్యం కాలేదు. "జిల్లాలో ఉండవలసిన ఇసుక ఈగలు తనిఖీ సమయమునకు లేకపోవుటకు గల కారణములను సవివరముగా తెలుపవలెను." ఆమె సవివరంగా ఏమీ రాయలేదు. "మట్టి మెత్తి సున్నం వేశాం. అందుకని లేవు" అని రాసి పంపింది.

దానికి జవాబు వచ్చేసరికి ఆమె బంటువలసలోనే ఉంది, అయితే తూర్పు గట్టున. పైడమ్మ శాలకు సున్నం వేస్తున్నారు. ఇది తన జిల్లా కాదని ఆమెకు తెలుసు. పైడమ్మ చిన్న కొడుక్కి ముందు రోజు నుంచి ఒళ్ళు వెచ్చబడిందని కబురు వస్తే వచ్చింది. సూరీడమ్మ నిచ్చెన మీద ఉంది, చేతిలో కుంచె, ముక్కు మీద సున్నపు చుక్క. గాజులు మణికట్టు దగ్గరే నిలబడ్డాయి. ఆఫీసు ప్యూను కల్వర్టు దాటాలా వద్దా అని కాసేపు తటపటాయించి, దాటి, కవరు ఇచ్చి వెళ్ళాడు.

హైమవతి తడి చేతులతోనే చింపి చదివింది.

"ఏటటమ్మా?" అంది సూరీడమ్మ పైనుంచి.

"గోడలకు వేసిన సున్నం ఏ జిల్లాదో, తగు ఆధారాలతో తెలపమంటున్నారప్పా."

సూరీడమ్మ కుంచె ముంచుకుని, గోడ మీద పైనుంచి కిందికి ఒక బారెడు లాగి, ఆ గీత వైపు ఒకసారి చూసుకుంది.

"తెల్లగున్నాదని రాసీయమ్మా."

హైమవతి అలాగే రాసింది.